గీత మాసిన కాగితం

సాల్మియాలో పొద్దున అయిదుంబావు.
ఏసీ పెట్టె గురక పెడతానే ఉంటుంది.
నాకంటే ముందు నా గుండె లేస్తుంది.
ఫోను మోగలేదు, ఎవరూ చావలేదు,
అయినా ఒళ్ళంతా
చెడ్డ కబురు అందినట్టే ఉంటుంది.

కారు తుడుస్తాను. తాళం వేస్తాను.
పది అడుగులు నడిచి వెనక్కొస్తాను.
వేశానా?
వేశాను.
వేసింది ఈరోజా, నిన్నటిది గుర్తొస్తోందా?
మళ్ళీ లాగి చూస్తాను.
తెల్ల కారు మీద ఇసక దుమ్ము కంటే
నా వేళ్ళ గుర్తులే ఎక్కువ.

మా రాయచోటి పక్క దీన్ని గుబులంటారు,
దడంటారు, బెంగంటారు, గాలి సోకిందంటారు.
పేర్లకేం కరువు లేదు.
గుబులైతే పొద్దుగూకేలోపు దిగాలి.
బెంగైతే ఇంటి మాట వింటే తీరాలి.
ఫోనులో చెంచులమ్మ గొంతు విన్నా ఇది తీరదు.
మాటల మధ్య ఆమె ఒక్కసారి దగ్గితే చాలు,
ఆ దగ్గు పట్టుకుని తెల్లార్లూ తవ్వుతాను.

జాబర్ వంతెన సంగతి చెప్పాలి.
సముద్రం మీద పోతానే ఉంటుంది, పోతానే ఉంటుంది.
దిగిపోదామంటే అటూ ఇటూ నీళ్ళే.
ఒక గురువారం, వెనక సీట్లో దానా పాప,
నడిమధ్యకొచ్చేసరికి
స్టీరింగు పట్టుకున్న చేతులు నావి కావు.
వేళ్ళ కొసల్లో చీమలు.
ఊపిరి వాకిట్లో అప్పులోడి మాదిరి
లోపలికి రాదు, తిరిగి పోదు.
చచ్చిపోతాండా అనుకున్నా.
అదెంత ఖాయమంటే
పెట్టె ఎవరు పంపుతారు,
మహబూబ్ పీరాకి ఇయ్యాల్సిన పన్నెండు దినార్లు
ఎవరు తీరుస్తారు,
అన్నీ లెక్కేసుకున్నా.
కారు మాత్రం ఎనభైలో తిన్నగా పోతోంది.
పాప చేతిలో బొమ్మల సినిమా నవ్వుతోంది.

ఆ రాత్రి ఆసుపత్రిలో
ఛాతీ మీద చల్లటి బిళ్ళలు అతికించారు.
మిషను కాగితం కక్కింది,
గులాబీ గళ్ళ మీద కొండలూ లోయలూ.
లిస్సీ సిస్టరు అది చించి నా చేతిలో పెట్టి
వచ్చీరాని హిందీలో అంది:
గుండె గుర్రంలా ఉంది.
ఇది భయం జబ్బు.
దీనికీ డాక్టరున్నాడు, మందుంది, సిగ్గుపడొద్దు.

నిజం చెప్తున్నా, కాస్త నిరాశే కలిగింది.
గుండెపోటైతే ఊళ్ళో చెప్పుకోవచ్చు.
భయమని ఎట్టా చెప్పేది?
తోలేవాడికే భయమని తెలిస్తే
తాళాలు ఎన్నాళ్ళు వాడి చేతిలో ఉంటాయి?

కాగితం మడిచి బతాకా వెనక పెట్టుకున్నా.
సిగ్నలు కాడ, జమియాలో వరస కాడ,
లోపల ఏదో పైకి తన్నినప్పుడల్లా తీసి చూస్తా.
ఇదిగో, కొండ. ఇదిగో, లోయ.
బాగుందని రాసుంది కదా.
గుండెకు చదువు రాదు.

గ్యాసు ఆపానా అని రాత్రి మూడోసారి లేస్తే
మహబూబ్ పీరా కూడా లేచి కూర్చున్నాడు.
తిడతాడనుకున్నా.
"నాకు లిఫ్టులో ఇట్టానే అయితాది ఓబులేసూ" అన్నాడు.
నాలుగంతస్తులు, మూడేళ్ళు,
చేతిలో కుబ్బూసు సంచితో మెట్లెక్కతా ఉంటే
మోకాళ్ళు గట్టిపడాలని ఎక్కుతాడనుకున్నాం అందరం.
కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
తర్వాత వాడే పోయి గ్యాసు చూసొచ్చాడు.
నేను ఇంకోసారి చూశాననుకో,
అది వేరే సంగతి.

ఇప్పుడు జూలై.
కారులో మర్చిపోయిన పూట ఎండ కొట్టి
కాగితం మీది గీత మాసిపోయింది.
కొండల్లేవు, లోయల్లేవు,
లేత గులాబీ గళ్ళు మిగిలాయి.
పారెయ్యలేదు.
దాని వెనకాల ఇంకో చీటీ ఉంది,
లిస్సీ సిస్టరు రాసిచ్చిన గది నంబరు,
ఆదివారం పదకొండు గంటలకు.

బాబాకు ఏం చెప్పి పోవాలో ఇంకా తేలలేదు.
పంటి నొప్పంటానేమో.
పంటి నొప్పిని
ఎవరైనా నమ్ముతారు.